గాలితో చల్లబడే ఇంజన్లు: సి.సి. లెక్కలోని అంతరార్థం

ఏదైనా వాహనం కంటబడగానే మనవాళ్లు వేసే తొలి ప్రశ్న "ఎన్ని సి.సి.?" అన్నదే. పక్క మూతమీదనో డిక్కీమీదనో ఉన్న అంకెను చదివి వెంటనే జవాబు చెప్పేస్తాము. నిజానికి ఆ అంకె వాహనం పేరులో ఒక భాగమే గాని కొలత కాదు. ముఖ్యంగా పాతకాలపు ఇంజన్లను విప్పి, మార్చి, పెంచి నడిపేవారి విషయంలో పేరుకూ కొలతకూ ఎంతో దూరం ఏర్పడుతుంది. ఆ దూరం ఎట్లా పుడుతుందో, దానివల్ల ఇంజనుకూ యజమానికీ కలిగే ఫలితాలేమిటో విద్యార్థులకు తేటతెల్లం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

సిలిండరు అంటే లోపల నున్నగా తొలిచిన గొట్టం. ఆ గొట్టం వ్యాసాన్ని బోరు అంటారు. దానిలో పిస్టన్ పై కొసనుండి కింది కొసవరకు కదిలే దూరాన్ని స్ట్రోకు అంటారు. ఆ కదలికలో పిస్టన్ తుడిచిపెట్టే చోటే ఇంజను ఘనపరిమాణం. దానిని ఘన సెంటీమీటర్లలో చెబితే అదే సి.సి. దీనికి ఉన్నత పాఠశాలలో చదివిన స్థూప ఘనపరిమాణ సూత్రం చాలు. బోరు వర్గాన్ని 0.7854తో గుణించి, దానిని స్ట్రోకుతోను, ఆపైన సిలిండర్ల సంఖ్యతోను హెచ్చవేయవలెను. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉండవలెను.

మన ప్రాంతంలో అందరూ ఎరిగిన పాత బుల్లెట్‌నే ఉదాహరణగా తీసుకుందాము. 350 బుల్లెట్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. లెక్క కడితే 346 సి.సి. వస్తుంది. 500 బుల్లెట్‌లోను స్ట్రోకు అదే 90. బోరు మాత్రం 84. అది 499 సి.సి. అదే సంస్థ 2013లో విడుదల చేసిన కాంటినెంటల్ జి.టి.లో స్ట్రోకు మారలేదు. బోరు 87 అయినది, ఘనపరిమాణం 535కు చేరినది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి కలదు. 70 నుండి 84కు బోరు 20 శాతమే పెరిగినది. ఘనపరిమాణం మాత్రం 44 శాతం పెరిగినది. బోరు వర్గమై లెక్కలోకి వస్తుంది గనుక చిన్న మార్పు పెద్ద ఫలితాన్ని ఇస్తుంది. అరిగిన సిలిండరును లేత్ షాపులో తొలిపించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించడం మన షెడ్లలో మామూలు పని. ఆ విధంగా 70 మి.మీ. బోరు 71 అయితే 346 సి.సి. కాస్తా 356 అవుతుంది.

ఇక చల్లబరచే విధానానికి వద్దాము. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో ఇంచుమించు మూడోవంతో, అంతకు తక్కువో పనిగా మారుతుంది, మిగిలినదంతా వేడియే. బుల్లెట్ సిలిండరు చుట్టూ ఉన్న లోహపు రెక్కలు ఆ వేడిని ఎదురుగాలికి అప్పగిస్తాయి. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన 145 సి.సి. బజాజ్ చేతక్ స్కూటరులో ఇంజను మూతలోపల దాగి ఉండేది. కనుక దానికి గాలి విసిరే ఫ్యాను అమర్చినారు. ఇదే పద్ధతిని నాలుగు సిలిండర్లకు విస్తరించిన కారు జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్. ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఈ కారు వెనుక భాగంలో ఇంజను ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన ఈ పాత నమూనా 2003 జూలైలో మెక్సికోలో ఆగిపోయినది. మన దేశంలో ఇది తయారు కాలేదు. దిగుమతి చేసుకొన్నవే అభిమానుల చేతుల్లో ఉన్నవి.

బీటిల్ అభిమానులు ఇంజనును పెంచడంలో ప్రసిద్ధులు. కర్మాగారం నుండి వచ్చిన 1200 ఇంజను బోరు 77, స్ట్రోకు 64. నాలుగు సిలిండర్లకు కలిపి 1192 సి.సి. 1600 ఇంజనుకు బోరు 85.5, స్ట్రోకు 69. అది 1584 సి.సి. దీని సిలిండర్లు విడివిడిగా ఊడివచ్చేవి గనుక మార్చడం సులువు. 88 మి.మీ. సిలిండర్లు వేస్తే 1679, 94 మి.మీ.వి వేస్తే 1915 అవుతుంది. క్రాంకు షాఫ్టును కూడా మార్చి స్ట్రోకును 82 చేస్తే 94 మి.మీ. బోరుతో 2276 సి.సి. వస్తుంది. కనుక డిక్కీమీద 1300 అని ఉన్న కారులో లోపల ఏమున్నదో పలకనుబట్టి చెప్పలేము.

సి.సి. పెరిగితే బలం పెరుగుతుందని సంతోషించే ముందు మూడు సంగతులు ఆలోచింపవలెను.

మొదటిది కంప్రెషన్ నిష్పత్తి. 1584 సి.సి. ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 396 సి.సి. నిష్పత్తి 7.5 అనుకుంటే పిస్టన్ పైన మిగిలే చోటు సుమారు 61 సి.సి. హెడ్‌ను అట్లాగే ఉంచి 94 మి.మీ. సిలిండర్లు వేస్తే ఒక్కొక్కటి 479 సి.సి. అవుతుంది, నిష్పత్తి 8.9కి ఎగబాకుతుంది. మండుడు గదిని తగినంత పెంచకపోతే ఇంజను టకటకమని తట్టుతుంది. చివరకు పిస్టన్ కరగవచ్చును.

రెండవది సిలిండరు గోడ. పాత రంధ్రంలోనే ఇమిడే 88 మి.మీ. సిలిండర్లకు గోడ పలుచన. వేడికి ఆకారం చెడే స్వభావం వాటికి ఎక్కువ. 94 మి.మీ.వి మందంగా ఉన్నా, వాటికోసం క్రాంకు కేసును, హెడ్లను తొలిపించవలెను.

మూడవది మన ఎండ. రెక్కలు వదిలే వేడి, రెక్కకూ గాలికీ మధ్యనున్న ఉష్ణోగ్రతా భేదాన్ని అనుసరించి ఉంటుంది. రెక్క 180 డిగ్రీలు, గాలి 20 డిగ్రీలు అయితే భేదం 160. సంజామల నల్లరేగడి నేలలమీద వేసవి మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలు అయితే భేదం 138 మాత్రమే. అంటే అదే ఫ్యాను 14 శాతం తక్కువ పని చేస్తుంది. బోరును 85.5 నుండి 94కు పెంచినవారు పుట్టే వేడిని కూడా పెంచినారు. చలిదేశంలో నిలిచిన ఇంజను మన ఊళ్లో నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

యంత్రం సంగతి ఇట్లుండగా కాగితం సంగతి మరొకటి. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను ఘనపరిమాణం నమోదై ఉంటుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచినది. ద్విచక్ర వాహనాల థర్డ్ పార్టీ బీమా రుసుములో 75, 150, 350 సి.సి.లు హద్దులు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు గల మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి. 18 శాతం, అంతకు మించినవాటిపై 40 శాతం. 346 అని రాసి ఉన్న బండిలో 499 సి.సి. ఇంజను పెట్టి తిరిగేవాడు ప్రమాదం జరిగిన రోజున జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కనుక సి.సి. అన్నది గొప్పకు చెప్పుకునే అంకె కాదు. పన్నుకు, బీమాకు, బాధ్యతకు ఆధారమైన అంకె.

ఈ లెక్కకు విలువైన యంత్రాలేమీ అవసరం లేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్‌తో బోరును కొలవవచ్చును. రసాయనశాస్త్ర ప్రయోగశాలలోని బ్యూరెట్‌తో, తిరగేసిన హెడ్‌మీద రంధ్రం గల గాజు పలకను ఉంచి, పలుచని నూనె పోసి గది పరిమాణాన్ని తెలుసుకొనవచ్చును. షెడ్లలోని ఉస్తాదులు ఇంజను చప్పుడు విని రోగం చెప్పగల అనుభవజ్ఞులు. వారి చేతిపనికి మన విద్యార్థుల కొలత తోడైతే ఇరువురికీ మేలు.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పనికిరాని పాత బుల్లెట్ సిలిండరు, పిస్టన్, హెడ్ ఒక్కొక్కటి సంపాదించి ప్రయోగశాలలో ఉంచండి. సూత్రాన్ని నల్లబల్లమీద చూసిన విద్యార్థి దానిని చేతితో కొలిచిన నాడు, బండి మీది అంకెను నమ్మడం మాని లోపలి నిజాన్ని వెదకడం నేర్చుకుంటాడు.