కోరం కుదిరితేనే వెలిగే బ్యాక్టీరియా

మీకు తెలుసా?

• హవాయి తీరంలో బొటనవేలంత స్క్విడ్ ఒకటుంది. పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి వేటకు దిగుతుంది. విబ్రియో ఫిషరై అనే బ్యాక్టీరియా దాని పొట్ట భాగంలో చేరి వెలుగుతుంటుంది. ఆ వెలుతురు వెన్నెలలో కలిసిపోయి, కింది నుంచి చూసే శత్రువుకు స్క్విడ్ నీడ కనబడదు. అదే బ్యాక్టీరియా సముద్రంలో ఒంటరిగా తేలుతున్నప్పుడు మాత్రం దాదాపుగా వెలగదు. శాసనసభలో లాగే, కోరం ఉంటేనే పని!

• ఎంతమంది చేరారో దానికెలా తెలుస్తుంది? కీలకం రెండు జన్యువుల్లో ఉంది. లక్స్-ఐ జన్యువు వల్ల ఏహెచ్ఎల్ అనే చిన్న అణువు తయారై కణం బయటికి జారిపోతుంది. బ్యాక్టీరియా పలచగా ఉంటే అది నీళ్లలో కొట్టుకుపోతుంది, గుంపు చేరితే చిక్కబడుతుంది. అప్పుడు రెండో జన్యువు ఇచ్చే లక్స్-ఆర్ ప్రోటీన్ దాన్ని పట్టుకుని వెలుగు జన్యువులను నడిపిస్తుంది. లక్స్-ఐ కూడా వాటి వరుసలోనే ఉండటంతో సంకేతం ఇంకా జోరందుకుంటుంది.

• వెలుగు జన్యువులను, ఈ రెండింటితో సహా, 1983లో అమెరికా శాస్త్రవేత్తలు ఇ.కోలై అనే మరో బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. అదీ వెలిగింది. జన్యువులను కొత్తగా కూర్చే సింథటిక్ బయాలజీకి ఇంతకంటే మంచి ముడిసరుకు దొరకదేమో.

• 2004లో ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బృందం వెలుగు జన్యువుల స్థానంలో కణాన్ని చంపే జన్యువును పెట్టింది. గుంపు పెరిగేకొద్దీ చావులూ పెరిగి, జనాభా ఒక హద్దులో నిలిచింది. కుటుంబ నియంత్రణ అనడానికి మనసొప్పదు గానీ, పని అదే.

• 2010లో కాలిఫోర్నియాలో జెఫ్ హేస్టీ బృందం వేలాది కణాలను ఒకే తాళంలో వెలిగేలా, ఆరేలా చేసింది. ఏహెచ్ఎల్‌ను తయారుచేసే జన్యువుకు తోడు, దాన్ని విరగ్గొట్టే జన్యువునూ జోడించారు. ఈ రెండోది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తెచ్చింది. మన రైతులకు బీటీ పత్తిగా పరిచయమైన ‘బీటీ’ ఈ బ్యాక్టీరియానే!

• 2016లో అదే ప్రయోగశాల వాళ్లు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మార్చారు. కణితిలో కోరం చేరగానే ఎక్కువ కణాలు పగిలి మందు విడుదల చేస్తాయి. మిగిలిన కొద్దిపాటివి మళ్లీ పెరిగి, మళ్లీ పగులుతాయి. కీమోథెరపీతో కలిపి ఎలుకలకిస్తే కణితుల పెరుగుదల తగ్గింది.

• చిక్కేమిటంటే, లక్స్-ఆర్ చెవి మరీ పదునైనది కాదు. వేరే జాతుల ఏహెచ్ఎల్‌లకూ కొంత స్పందిస్తుంది. అందుకే ఒకే పాత్రలో రెండు సంభాషణలు నడపాలంటే, ఒకదానిది ఒకటి వినని జన్యు జంటలను వెతికి పట్టుకోవాలి.