రంగు చూసి బంతి కొనకండి!

గాజులు కొనేటప్పుడు రంగు ఎంత నచ్చినా, చేతికి ఎక్కుతాయో లేదో చూసుకోకుండా డబ్బులివ్వం కదా! అలాంటి నేను బౌలింగ్ బంతి దగ్గర మాత్రం బోల్తా పడ్డాను.

మావారి ఉద్యోగం వల్ల డల్లాస్ దగ్గర ఉంటున్నాం. పిల్లలు కాలేజీలకు వెళ్ళాక పగలంతా ఒక్కదాన్నే. పక్కింటావిడ బలవంతం మీద, మంగళవారం పొద్దున ఆడే ఆడవాళ్ళ జట్టులో చేరాను. దాచుకున్న డబ్బుతో నెమలికంఠం రంగు బంతి కొనేశాను. 14 పౌన్లు, అంటే ఆరు కిలోల పైమాటే! నెల తిరక్కుండా మణికట్టు వాచింది. అప్పడాల కర్ర కూడా పట్టుకోలేకపోయాను. "నీకెందుకీ ఆటలు?" అన్నారు మావారు. రోషం వచ్చింది. తెలిసినవాళ్ళందర్నీ అడిగి నేర్చుకున్నాను. ఆ సంగతులే మీకూ చెబుతున్నాను.

ముందు బరువు

ఎంత గొప్ప ఆటగాడి బంతైనా 16 పౌన్లు దాటకూడదు. ఒంటి బరువులో పదో వంతు అని ఒక లెక్క చెబుతారు గానీ గుడ్డిగా నమ్మకండి. బంతి పట్టుకుని చెయ్యి వెనక్కీ ముందుకీ ఊపి చూడండి. భుజం లాగినా, మణికట్టు వంగిపోయినా అది మీది కాదు. నాకు 10 పౌన్లది కుదిరింది. ఇక బొటనవేలి రంధ్రం... వేలు గట్టిగా బిగించకుండానే బంతి నిలవాలి, వదిలేటప్పుడు సులువుగా జారి రావాలి. నా వాపుకి సగం కారణం ఆ రంధ్రమే!

నూనె మర్మం

బంతి దొర్లే దారిని లేన్ అంటారు. గీత నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. దానిమీద కంటికి ఆనని పల్చటి నూనె పూస్తారు. మామూలుగా సుమారు 40 అడుగుల దాకా ఉంటుంది. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. దోసెల పెనం గుర్తు తెచ్చుకోండి. నూనె ఎక్కువైతే పిండి జారుతుంది, తక్కువైతే పట్టేస్తుంది. బంతీ అంతే! నూనె మీద జారి, పొడి చోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఆట సాగేకొద్దీ బంతులు నూనెను లాగేస్తాయి కాబట్టి, మొదటి ఆటలో తిన్నగా వెళ్ళిన బంతి మూడో ఆటలో ముందే తిరిగిపోవచ్చు. అప్పుడు కంగారుపడకుండా నిలబడే చోటు కాస్త మార్చుకోండి.

మీ చేతివాటం ఏది?

తిన్నగా వేసేవారికి ప్లాస్టిక్ బంతి చాలు. చవక కూడా. మిగిలిపోయిన ఒంటరి పిన్ను కొట్టడానికి ఆరితేరినవాళ్ళూ ఇదే వాడతారు. కొద్దిగా తిప్పేవారికి యురెథేన్ నయం. బాగా మలుపు కావాలంటే 1990ల మొదట్లో వచ్చిన రియాక్టివ్ రెసిన్ రకం. ఇందులోనూ గరుకుది నూనె ఎక్కువున్న చోట బాగా పట్టుకుంటుంది. రోలుకి కక్కు కొట్టిస్తే పప్పు నలిగినట్టన్నమాట! నున్నగా మెరిసేది పొడి లేన్ మీద మేలు, చాలా దూరం వెళ్ళాకే తిరుగుతుంది. వేగంగా విసిరేవారికి గరుకుది, నెమ్మదిగా వేసి బాగా తిప్పేవారికి నున్నటిది సాధారణంగా కుదురుతాయి. ప్రతిసారీ బంతిని మెత్తని గుడ్డతో తుడవడం మరవకండి. రియాక్టివ్ బంతి నూనె పీల్చుకుని పట్టు కోల్పోతుంది.

నావి తిన్నటి బంతులే కాబట్టి ఇప్పుడు ప్లాస్టిక్ దానితోనే ఆడుతున్నాను. నెమలికంఠం బంతి అలమారలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. హైదరాబాద్ మాల్‌లో పిల్లలతో సరదాగా ఆడినా సరే, ముందు అక్కడి బంతులు నాలుగైదు ఎత్తి చూడండి. కొనే ముందు ఓ నెల అద్దె బంతులతోనే ఆడండి. దుకాణంలో ఎవరైనా "ఇదే బెస్ట్" అంటే, "ఎలాంటి లేన్ మీద? ఎలా వేసేవారికి?" అని అడగండి. అడగడానికి సిగ్గెందుకు? డబ్బూ మనదే, చెయ్యీ మనదే!