కె.సి. కాలువను కొన్నదెవరు?

సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని పట్టి, నంద్యాల మీదుగా కడప దాకా తెచ్చే కె.సి. కాలువ మొదట సర్కారుది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో లండన్‌లో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో దీని పని మొదలుపెట్టింది. 10 లక్షల పౌన్ల పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది. నష్టమొస్తే ఖజానాది, లాభమొస్తే వాటాదార్లది అన్నమాట! అది చాలక కంపెనీ మళ్లీ సర్కారు వద్దే అప్పు చేసింది.

1870 నాటికి కాలువ పారింది గాని, నీరు పుచ్చుకునేవారే కరువయ్యారు. తప్పు రైతుది కాదు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. జొన్నకు, పత్తికి వానే చాలు. నీటి తీరువ కట్టి మాగాణి చేయవలసిన అక్కర ఏముంది? 1876-78 కరువులో మాత్రం కాలువకు ఎగబడ్డారు. వానలు పడగానే మళ్లీ మెట్ట పైర్లకే మళ్లారు. పడవలు నడిపినా కంపెనీ గట్టెక్కలేదు.

ఇలాంటి దాన్ని ఎవరు కొంటారు? చివరికి 1882లో ప్రభుత్వమే కొన్నది. హామీ పడ్డవాడికి వేరే దారేది! వాడేవారు లేక ఆగిన ఫోన్ యాప్‌లను ఎవరికైనా అప్పగించజూసే నేటి కుర్రాళ్లకు అలాంటి పూచీదారు దొరకడు.

ఇప్పుడు ఈ కాలువ కింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. నాడు వద్దన్న నీటికోసమే నేడు కడప వైపు చివరి భూముల రైతులు ఎదురుచూస్తుంటారు.