మృత్యుకూపం (మోటారు సైకిల్ ప్రదర్శన)

మృత్యుకూపం అనేది నిలువు గోడలు గల గుండ్రని చెక్క కట్టడం లోపల, గోడ వెంబడి మోటారు సైకిళ్ళను, కార్లను నడిపి చూపే సాహస ప్రదర్శన. హిందీ, ఉర్దూ భాషలలో దీనిని మౌత్ కా కువా అంటారు. హైదరాబాదులోనూ ఈ పేరు వాడుకలో ఉంది. పాశ్చాత్య దేశాలలో దీని పేరు వాల్ ఆఫ్ డెత్, అనగా మృత్యు గోడ. ప్రేక్షకులు పైఅంచున నిలబడి, బావిలోకి తొంగి చూసినట్లు లోపలికి చూస్తారు. అయితే ఇది నేలలోకి త్రవ్వినది కాదు, నేలపై నిలబెట్టినది. సర్కసులలో కనిపించే ఇనుప చట్రపు మృత్యు గోళం దీనికి భిన్నమైనది.

చరిత్ర

20వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలో చెక్క పలకలతో నిర్మించిన వాలు బాటలపై మోటారు సైకిల్ పందేలు జరిగేవి. 1912 సెప్టెంబరు 8న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఅర్క్‌లో జరిగిన ప్రమాదంలో పోటీదారులతో పాటు ప్రేక్షకులు కూడా మరణించారు. ఈ పందేల బాటలను కుదించి, సంతలలో ఇమిడే చిన్న వలయాలుగా మార్చడంతో కొత్త వినోదం పుట్టింది. 1911లో న్యూయార్క్ సముద్రతీరాన గల కోనీ ఐలండ్ వినోదశాలలో ఇటువంటి వలయం వెలసింది. కాలక్రమంలో గోడల వాలు పెరిగి, 1915 నాటికి పూర్తిగా నిలువైన గోడలు గల కట్టడాలు వచ్చాయి.

1929లో ఈ ప్రదర్శన ఇంగ్లాండులోని సౌత్ఎండ్ తీరపట్టణంలో గల కుర్సాల్ వినోదశాలకు చేరింది. అక్కడ పేరు పొందిన జార్జ్ 'టోర్నడో' స్మిత్ ఒక ఆడసింహాన్ని వెంటబెట్టుకొని గోడపై వాహనం నడిపేవాడు. అమెరికాలో 1920, 30 దశకాలలో లిలియన్ లా ఫ్రాన్స్ అనే మహిళ ఈ విద్యలో ప్రసిద్ధురాలు. 1928 - 1931 మధ్య తయారైన ఇండియన్ 101 స్కౌట్ మోటారు సైకిల్‌ను గోడపై నడిపేవారు ఎక్కువగా ఇష్టపడేవారు. ఇండియన్ అనేది అమెరికా సంస్థ పేరు. దానికి మన దేశంతో సంబంధం లేదు.

నిర్మాణం

పాశ్చాత్య దేశాలలో కూపం వ్యాసం సాధారణంగా 20 నుండి 36 అడుగుల వరకు ఉంటుంది. కార్లను కూడా నడిపే భారతీయ కూపాలు ఇంకా పెద్దవి. చెక్క పలకలను నిలువుగా పేర్చి, ఇనుప చట్రానికి బిగిస్తారు. ప్రదర్శన ముగిశాక కట్టడాన్ని విప్పి, లారీలపై మరో ఊరికి తరలిస్తారు. గోడ అడుగున వాలుగా ఉండే పలకల వరుస ఉంటుంది. నడిపే వ్యక్తి ముందు నేలపై తిరిగి, వేగం పెంచుకొని, ఈ వాలు మీదుగా నిలువు గోడకు ఎక్కుతాడు. దిగేటప్పుడు వేగాన్ని క్రమంగా తగ్గిస్తూ ఇదే వాలు మీదికి వస్తాడు.

భౌతిక సూత్రం

గుండ్రంగా తిరిగే వస్తువును కేంద్రం వైపు లాగే బలాన్ని అభికేంద్ర బలం అంటారు. ఇక్కడ ఆ బలాన్ని గోడ ఇస్తుంది. వేగం పెరిగిన కొద్దీ చక్రాలు గోడను మరింత గట్టిగా నొక్కుతాయి. ఆ ఒత్తిడి వలన టైర్లకు, పలకలకు మధ్య కలిగే ఘర్షణ వాహనాన్ని క్రిందికి జారకుండా ఆపుతుంది. ఆగి ఉన్న వాహనాన్ని ఏ గోడా నిలుపలేదు.

జారకుండా ఉండటానికి కావలసిన కనిష్ఠ వేగం కూపం వ్యాసార్ధం మీద, ఘర్షణ గుణకం మీద ఆధారపడుతుంది. బరువు మీద కాదు. అందువలననే కారు కూడా మోటారు సైకిల్ లాగే గోడపై నిలుస్తుంది. ఉదాహరణకు, వ్యాసం 9 మీటర్లు, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే కనిష్ఠ వేగం సెకనుకు సుమారు 8 మీటర్లు, అనగా గంటకు 29 కిలోమీటర్లు. గంటకు 43 కి.మీ. వేగంతో వెళ్ళేవారికి ఇది సురక్షితంగానే తోస్తుంది. కానీ నూనె మరక వలన గానీ, తడి వలన గానీ ఘర్షణ గుణకం 0.3కు పడిపోతే కనిష్ఠ వేగం గంటకు 43 కి.మీ. దాటుతుంది. అంతవరకు సరిపోయిన వేగమే అప్పుడు చాలదు. కనుక పలకలను పొడిగా, శుభ్రంగా ఉంచడం నడిపేవారి నైపుణ్యంతో సమానమైన విషయం.

గంటకు 43 కి.మీ. వేగంలో గోడ నడిపేవారిని తమ బరువుకు మూడు రెట్లకు పైగా బలంతో నెడుతుంది. రక్తం కాళ్ళ వైపు దిగి, కళ్ళు తిరగవచ్చు. అందువలన దీనిని కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ ప్రదర్శన మేళాలు, ఎగ్జిబిషన్ల వెంట ఊరూరా తిరుగుతుంది. యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిళ్ళు, మారుతి 800 కార్లు ఇందులో పేరు పొందాయి. ఈ వాహనాల తయారీ ఆగిపోయిన తరువాత కూడా పాత బండ్లను బాగుచేసి వాడుతూ వచ్చారు. ఒకే గోడపై రెండు, మూడు వాహనాలు కలిసి తిరగడం, చేతులు వదిలి నడపడం, కారు కిటికీలో నుండి బయటకు వచ్చి కూర్చోవడం ఇక్కడి విన్యాసాలు. కొందరు మహిళలు కూడా ఈ వృత్తిలో ఉన్నారు.

మంచిర్యాల జిల్లాలోని నస్పూర్ వంటి బొగ్గుగని పట్టణాలకు సముద్రం 300 కి.మీ. పైగా దూరం. తీరం లేని తెలంగాణలో ఈ వినోదానికి ఎగ్జిబిషన్ మైదానాలే వేదికలు. వీటిలో ప్రసిద్ధమైనది హైదరాబాదు నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమైన నుమాయిష్, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. రంగుల రాట్నాలతో పాటు మృత్యుకూపం కూడా అక్కడి ఆకర్షణలలో ఒకటి.

ప్రమాదాలు, జీవనోపాధి

టైరు పగలడం, ఇంజను ఆగిపోవడం, పలక వదులు కావడం, ఎదుటి వాహనం తగలడం ప్రధాన ప్రమాదాలు. వాహనం అదుపు తప్పి పైఅంచు దాటితే ప్రేక్షకులకూ ముప్పే. భారతదేశంలో నడిపేవారు తరచుగా శిరస్త్రాణం లేకుండానే గోడ ఎక్కుతారు.

బ్రిటన్‌లో ఇటువంటి వృత్తికి బీమా లభించడం కష్టం కనుక, ప్రదర్శన చివర ప్రేక్షకులను నాణేలు వేయమని కోరే సంప్రదాయం ఏర్పడింది. మన దేశంలో ప్రేక్షకులు అంచు మీదుగా నోట్లు చాపితే, నడిపేవారు వేగంగా తిరుగుతూనే వాటిని అందుకుంటారు. చూసేవారికి ఇది ఒక విన్యాసం. చేసేవారికి సంపాదనలో భాగం. ఒక చేయి హ్యాండిల్ వదిలే ఆ క్షణంలో కూడా వేగం తగ్గకూడదు.

ఇవి కూడా చూడండి

నుమాయిష్
సర్కస్
అభికేంద్ర బలం
ఘర్షణ