డీజిలు కారునకు బలపుమందు

నా కారు డీజిలు కారు. 2014వ సంవత్సరమున కొంటిని. చిన్నబండి. రాజమార్గమున దానికి వంక పెట్టుటకు వీలులేదు. విశాఖపట్టణమునుండి రాజమహేంద్రవరము పోయి వచ్చినను అలసట తెలియదు. కాని కొండదారి పట్టిననాడు, అందును ఇంటిల్లిపాదియు ఎక్కిననాడు, దాని గుట్టు బయటపడును. మలుపు తిరిగి యాక్సిలరేటరు నొక్కిన పిమ్మట ఒకటి రెండు క్షణములు ఏమియు జరుగదు. బండి ఆలోచించుచున్నట్లుండును. అటుపిమ్మట ఒక్కసారిగా ముందునకు దూకును. ఈ జాగును పోగొట్టవలెనను కోరికతో 2019లో నేనొక పెట్టెను తెచ్చి దానికి తగిలించితిని. నాలుగు అగ్గిపెట్టెలు చేర్చి కట్టినంత పెట్టె. దానిని వాడుకలో 'చిప్పు' అందురు. నూటికి 25 పాళ్లు బలము హెచ్చునని అమ్మినవాని మాట. ఆ పెట్టెతో నేను చేసిన కాపురమును గూర్చి మీకు మనవి చేయుదును.

ముందు డీజిలు యంత్రపు స్వభావము కొంత తెలియవలెను. రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును జయప్రదముగా నడిపి చూపెను. అందు నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని పిస్టను పదునైదు ఇరువది రెట్లు కుదించును. కుదించిన గాలి కాగిపోవును. అందులోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో తనంతట తానే అంటుకొనును. పెట్రోలు యంత్రమున గాలియు నూనెయు ఇంచుమించు నియతమైన పాళ్లలో కలియవలెను. డీజిలు యంత్రమునకు ఆ కట్టుబాటు లేదు. ఇందు గాలి ఎప్పుడును అవసరమునకు మించియే యుండును. నూనె యెంత చిమ్మిన అంత బలము. పిండికొద్ది రొట్టె యన్నమాట. ఐతే ఆ రొట్టె కాలుటకు గాలి చాలవలెను. చాలనినాడు మిగిలిన నూనె మసియై గొట్టమువెంట బయటికి వచ్చును.

ఇక ఈ కాలపు డీజిలు కార్లలో నూనె చిమ్ము పద్ధతిని చెప్పెదను. 1997లో మొదటిసారిగా అమ్మకమునకు వచ్చిన కారులో ప్రవేశించిన ఏర్పాటు ఇది. ఒక పంపు నూనెను అత్యధికమైన ఒత్తిడితో ఒక లావుపాటి ఉక్కుగొట్టములో నింపుచుండును. ఆ గొట్టమునుండి ప్రతి సిలిండరునకును ఒక చిమ్ముడుసూది కలదు. దీనిని మన చెరువుతో పోల్చి చూడుడు. గొట్టము చెరువు. సూది తూము. చెరువులో నీటిమట్టము తెలుపు కొలతరాయి వలె గొట్టమునకు ఒత్తిడిని తెలుపు పరికరమొకటి యుండును. ఆ పరికరము పంపు వార్తనుబట్టి కారులోని కంప్యూటరు పంపునకు ఆజ్ఞలిచ్చును, తూము ఎంతసేపు తెరువవలెనో నిర్ణయించును.

నేను కొన్న పెట్టె కొలతరాయికిని కంప్యూటరునకును నడుమ కూర్చుండును. అది చేయు పని యొక్కటే, అబద్ధమాడుట. ఒత్తిడి 1000 ఉన్నచో 900 ఉన్నదని చెప్పును. కంప్యూటరు నమ్మి, చెరువు తగ్గినదనుకొని ఒత్తిడిని పెంచును. తూము తెరచియుండు కాలము మారకున్నను లోతు హెచ్చినది గనుక అంతసేపటిలోనే ఎక్కువ నూనె జారును. ఇందొక చిన్న లెక్క కలదు. తూమునుండి జారునది ఒత్తిడితో సమముగా పెరుగదు, దాని వర్గమూలముతో పెరుగును. అనగా ఒత్తిడి నూటికి 21 పాళ్లు పెరిగిన నూనె 10 పాళ్లే పెరుగును. అమ్మినవాడు చెప్పిన 25 పాళ్ల బలమునకు ఒత్తిడి యెంత పెంచవలెనో మీరే ఊహించుకొనుడు. ఆ భారము మోయునవి పంపు, సూదులు.

పెట్టెకు న్యాయము చేయవలెను. తగిలించిన మరునాడు అనకాపల్లి దారిన పోయితిని. లారీని దాటుటకు ఇదివరకు గేరు తగ్గించుట తప్పనిసరి. ఇప్పుడు నాలుగవ గేరులోనే అవలీలగా దాటితిని. ఆ సంతోషము అబద్ధము కాదు. అద్దములోని సూచిక కూడ లీటరుకు 19 కిలోమీటర్లు ఉండెడిది 21 చూపసాగెను. బలమును పెరిగెను, పొదుపును కలిగెను! ఎదురుపడిన వారికెల్ల చెప్పితిని. మూడు నెలలకు అనుమానము పుట్టి, టాంకు నిండుగా పోయించి, మరల నిండించువరకు నడిచిన దూరమును కాగితముమీద లెక్కవేసితిని. 18 కూడ రాలేదు. కారణము తెలిసినప్పుడు నవ్వు వచ్చినది. కంప్యూటరు నూనెను కొలిచి చూడదు. తాను చిమ్మమన్న దానిని కూడి లెక్క చెప్పును. తనకు తెలియకుండ జారిన నూనె దాని పద్దులో లేదు. అబద్ధము విన్నవాడు చెప్పు లెక్కలు అట్లే యుండును.

పొగ సంగతి నేను కనిపెట్టలేదు. మా ప్రహరీగోడ కనిపెట్టినది. బండి నిలుపుచోట సున్నము మీద నల్లని మచ్చ యేర్పడెను. పాలు పోయు నతడొకనాడు, "బాబుగారూ, మీ బండి వెనకాల సైకిలుమీద రాలేకపోతున్నానండీ" అనెను. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. చెప్పదగినది లేదు.

2021 డిసెంబరులో అరకు ప్రయాణమైతిమి. అమ్మ, నా భార్య, మేనల్లుళ్లిద్దరు, నేను. శృంగవరపుకోట దాటి ఘాటు మొదలైనది. అనంతగిరి ఇంకను పైన నుండగా, ఒక మలుపు తరువాత యంత్రపు రొద హెచ్చినది గాని వేగము హెచ్చలేదు. ముల్లు 3000 దాటి పోవుచున్నది, బండి మాత్రము నెమ్మదించుచున్నది. కాలిన గుడ్డవంటి వాసన. వెనుకనుండి లారీ మోత. అంచున చోటు చూచి బండి ఆపి చక్రములకు రాళ్లు పెట్టితిమి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. వెనుక కూర్చున్న చిన్నవాడు ఏడ్చుచుండెను. నా చేతులు వణకుచుండెను. అమ్మ మాత్రము, "మెల్లగానే పోదాములే నాయనా, కొండ ఎక్కడికీ పోదు" అన్నది.

జరిగినదేమన, యంత్రపు తిప్పుడుబలమును చక్రములకు అందించునది క్లచ్చి. అది రాపిడిచేత పట్టుకొను పళ్లెము. కంపెనీవారు ఆ బండికి నిర్ణయించిన బలము 190 న్యూటన్ మీటర్లు. క్లచ్చిని అంతకు కొంచెము పైగా పట్టునట్లు చేసియుందురు. కొత్తదైనచో ఓర్చుకొనునేమో. 80,000 కిలోమీటర్లు అరిగిన పళ్లెముపై, అయిదుగురి బరువుతో, ఎత్తుదారిలో, ఆ పైబలము పడినది. అది జారినది. జారినకొద్ది కాగినది, కాగినకొద్ది మరింత జారినది.

ముప్పావుగంట చల్లారనిచ్చి, పెట్టె ఊడదీసి పాతతీగను తగిలించి, మొదటి గేరులో ప్రాకుచు అనంతగిరి చేరితిమి. మరునాడు తక్కినవారు బస్సులో దిగిరి. నేను కారును లాగుకొనిపోవు లారీలో కూర్చుంటిని.

మెకానిక్కు గేరుపెట్టె దింపి లోపలి చక్రముపై నీలిమచ్చలు చూపి, "ఏదైనా పెట్టె పెట్టారా అండీ?" అని అడిగెను. ఉక్కు మితిమించి కాగినచో అట్లు నీలవర్ణము వచ్చును. దాచిన ప్రయోజనము లేదని ఒప్పుకొంటిని. అతడు పైకప్పు తెరచి మరియొకటి చూపెను. టర్బోనుండి యంత్రమునకు గాలిని మోయు రబ్బరుగొట్టము మడతలో పగిలియుండెను. ఎంతకాలమునుండియో గాలి అచట కారిపోవుచున్నది. నేను బలహీనత యనుకొన్న జాగులో సగము ఆ పగులుదే! గాలి చాలని యంత్రమునకు నేను నూనె పెంచితిని. ఆ నూనె మా గోడమీదికిని పాలవాని ముఖముమీదికిని పోయినది. కొండనాలుకకు మందు వేసినకథ నాకంటె బాగుగా తెలిసినవారు లేరు. గొట్టము వెల కొన్ని వందల రూపాయలు. క్లచ్చికైనది చెప్పను, ఇంట వినుచున్నారు.

మిగిలిన సగము జాగు యంత్రమునకు సహజమైనది. టర్బో యనునది బయటికి పోవు పొగచే తిరుగు గాలిమర. యంత్రము నిమిషమునకు 2000 చుట్లకు లోబడి తిరుగునప్పుడు నా బండిలో ఆ మర ఇంకను మేలుకొనదు. అప్పుడు నూనె పెంచిన మసియే గాని బలము రాదు. ఈ పెట్టె గాలిని పెంచజాలదు. అనగా నేనేచోట బలము కోరి కొంటినో సరిగా ఆచోటనే అది పనికిరాదు. ఈ సంగతి కొనకముందు ఎవరును చెప్పలేదు, నేనును అడుగలేదు. ఘాటున గేరు ముందుగనే తగ్గించి చుట్లు పడిపోకుండ చూచుకొనుట ఇప్పుడు అలవాటు చేసికొంటిని.

"కంపెనీవాడు బలమును దాచిపెట్టినాడు, మేము వెలికితీయుదుము" అని ఈ పెట్టెలమ్మువారు చెప్పుదురు. దాచిన మాట నిజమే. రైతు విత్తనపుగింజలు దాచినట్లు దాచినాడు. మండువేసవికి, కల్తీనూనెకు, దుమ్ము పట్టిన ఫిల్టరుకు, లక్ష కిలోమీటర్ల అరుగుదలకు అది కావలెను. వేరొక మాటయు కలదు. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్దేశించినదానికి భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. గ్యారంటీ గలవారు దానిమీద ఆశ వదలుకొనవలసియే యుండును. భీమావారికి తెలుపక తగిలించినచో ప్రమాదమునాడు వారేమందురో ముందుగనే అడిగి తెలిసికొనుట మంచిది.

ఆ పెట్టె ఇప్పుడు మా బీరువాలో ఉన్నది. పొరుగింటి కుర్రవాడు గత సంవత్సరము డీజిలు కారు కొన్నాడు. 2020 ఏప్రిలు తరువాత వచ్చిన బండ్లలో మసిని పట్టు ఫిల్టరు గొట్టములోనే యుండును. నా బండి మసి గోడమీద పడినది, వాని బండి మసి ఆ ఫిల్టరులో నిండును. ఈ మాట చెప్పితిని. ఐనను, "ఒక్క వారము ఇయ్యండి మామయ్యగారూ, అనకాపల్లిదాకా పోయివస్తాను" అని రెండుమార్లు అడిగెను. ఇంకను ఇయ్యలేదు.