పురుటికి ఎక్కడికి తీసుకెళ్తున్నారు?

ఏడో నెల రాగానే పుట్టింటివారు చలిమిడి, చీర, పసుపు కుంకుమ పట్టుకుని వస్తారు. గాజులు తొడుగుతారు. మంచిరోజు చూసి అమ్మాయిని తమతో తీసుకెళ్తారు. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మనకు ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. అమ్మ పక్కన పడుకుంటే వచ్చే ధైర్యం ఇంకెక్కడా రాదు, నిజమే. అయితే ముహూర్తం చూసినంత శ్రద్ధగా దారి సంగతి చూస్తున్నామా?

గుడివాడలో కాపురముంటున్న అమ్మాయినే తీసుకోండి. ఏరియా ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. అర్ధరాత్రి నొప్పులొచ్చినా ఆటో ఎక్కి వెళ్ళొచ్చు. ఆమె పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల ఎదురుమొండి దీవిలో అనుకుందాం. ముందు రేవుకు రావాలి. పంటు ఎక్కి కృష్ణ పాయ దాటాలి. ఒడ్డు చేరాక నాగాయలంక, అక్కణ్ణించి అవనిగడ్డ. అక్కడ కాదంటే మచిలీపట్నమో, విజయవాడో. కిలోమీటర్లు లెక్కేస్తే ఏమంత దూరం కాదనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు, గాలివాన మధ్య లెక్కేసి చూడండి. 108 వాహనం రేవు దాకా వచ్చి నిలబడగలదు. పంటు నడిపేవాళ్ళు లేకపోతే అదేం చేస్తుంది?

పులిగడ్డ-పెనుమూడి వంతెన వచ్చాక రేపల్లె వైపు వెళ్ళేవాళ్ళకు పడవ బాధ తప్పింది. దీవుల వాళ్ళకు ఆ అదృష్టం అంత త్వరగా రాలేదు. గుడివాడ చుట్టుపక్కల మాత్రం అంతా సుఖమనుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నందివాడ మండలంలో ఊళ్ళకు వెళ్ళే రోడ్లు మునిగిపోయాయి. ఎండాకాలంలో అరగంట దారి, వానాకాలంలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

కాన్పులో కాలం అన్ని కష్టాలకూ ఒకేలా ఉండదు. బిడ్డ అడ్డం తిరిగి కాన్పు కష్టమైతే తల్లి ప్రాణానికి ముప్పు ముంచుకురావడానికి ఒకటి రెండు రోజులైనా పట్టొచ్చు. బిడ్డకు మాత్రం అంత గడువు ఉండదు. ఇక బిడ్డ పుట్టాక రక్తం ఆగకుండా పోతే, వైద్యం అందని తల్లి సగటున రెండు గంటల్లోనే చనిపోవచ్చని వైద్యులు లెక్క కట్టారు. దీనికి బీపీ, కవలలు, పాత ఆపరేషన్ లాంటి కారణాలే ఉండాలని లేదు. తొమ్మిది నెలలూ చక్కగా తిరిగిన మనిషికీ రావచ్చు. అందుకే ‘మా అమ్మాయి ఆరోగ్యంగానే ఉందిగా’ అనే మాట ఇక్కడ అక్కరకు రాదు.

కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సెరీన్ థడియస్, డెబోరా మెయిన్ అనే ఇద్దరు 1994లో ఈ ఆలస్యాలను మూడుగా విడదీసి చెప్పారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో జరిగేది ఒకటి. దారిలో జరిగేది రెండోది. ఆసుపత్రికి చేరాక వైద్యం మొదలయ్యే లోపు జరిగేది మూడోది. మనం రోడ్డును, పంటును తిట్టుకుంటాం గానీ, మొదటి ఆలస్యం మన నట్టింట్లోనే ఉంది. ‘తొలిచూలు కదా, ఇంకా టైముంది’ అంటుంది అత్తగారు. ‘ఆయన వచ్చాక వెళ్దాం’ అంటుంది అమ్మ. ఆయనేమో వేటకు వెళ్ళి ఉంటాడు. మామగారిని లేపడానికి మొహమాటం. డబ్బు ఎవరి బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో! నొప్పులు పడుతున్న పిల్లను మాత్రం ఎవరూ అడగరు.

మన డెల్టా లాగే కాలవలూ, పల్లపు నేలా ఉన్న హాలెండులో 2000-2006 మధ్య జరిగిన సుమారు ఏడున్నర లక్షల కాన్పులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి నుంచి ఆసుపత్రికి 20 నిమిషాలు, అంతకు మించి పట్టినచోట బిడ్డలకు ప్రాణాపాయం ఎక్కువగా కనిపించింది. అంత మంచి రోడ్లున్న దేశంలో 20 నిమిషాలకే ఇలా ఉంటే, రేవులో పంటు కోసం కూర్చునేవాళ్ళ మాటేమిటి?

మనదగ్గర మార్పు రాలేదని కాదు. లక్ష మంది బిడ్డలు పుడితే 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కు తగ్గింది. 2005లో మొదలైన 108కి, ఆసుపత్రి కాన్పులు పెరగడానికి ఇందులో పెద్ద వాటా ఉంది. కొండల మీది గిరిజన గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచడానికి 2018లో సాలూరులో వసతి గృహం పెట్టారు. డోలీ కోసం, దారి కోసం ఎదురుచూడకుండా ముందే దగ్గరికి వచ్చి ఉండటం, అంతే కిటుకు. దీవుల్లోని ఆడపిల్లలకూ ఇదే పనికొస్తుంది. నాగాయలంకలోనో అవనిగడ్డలోనో పిన్ని, మేనత్త ఎవరైనా ఉంటే చివరి రెండు మూడు వారాలు వాళ్ళింట్లో ఉంచితే తప్పేముంది? పుట్టింటివారి ముచ్చటా తీరుతుంది. అమ్మ కూడా వెంట వెళ్ళొచ్చు.

ఇక ఆసుపత్రి విషయం. దగ్గరున్న ఆసుపత్రిలో రాత్రిపూట ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఉంటారా? రక్తం ఎక్కడ దొరుకుతుంది? ఇది ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్ళినప్పుడే అడిగేయండి. నర్సమ్మను అడగడానికి సిగ్గెందుకు? అక్కడ లేదంటే, అక్కడ ఆగి మళ్ళీ బయల్దేరే బదులు నేరుగా ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలుస్తుంది. చెకప్‌ల కార్డు, రక్తం గ్రూపు కాగితం బట్టల సంచీలోనే పెట్టండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, కళ్ళు మసకలు కమ్మి తలనొప్పి వచ్చినా మగవాళ్ళెవరూ ఇంట్లో లేరని ఆగక్కర్లేదని పిల్లకు, అమ్మకు, అత్తకు ముగ్గురికీ కలిపి చెప్పండి. గాజులు తొడిగే రోజున ఎలాగూ అందరూ ఒకచోటే ఉంటారు. పంటు నడిపే ఆయన ఇల్లెక్కడో, ఫోన్ నంబరేమిటో కూడా ఆ రోజే రాసి గోడకు అంటించేయండి.