కారంపూడి (పల్నాడు)

కారంపూడి, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని పల్నాడు జిల్లాకు చెందిన ఒక గ్రామము, అదే పేరు గల మండలమునకు కేంద్రము. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడుటకు ముందు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. పాత కావ్యములలో దీని పేరు కార్యమపూడి. కృష్ణలో కలిసే నాగులేరు అనే వాగు ఒడ్డున ఈ ఊరు ఉన్నది. 12వ శతాబ్దములో పల్నాటి యుద్ధము ఈ ఊరి పరిసరములలోనే జరిగినది. ఏడాదిలో ఐదు దినములు తప్ప మిగిలిన కాలమంతా ఇది ప్రత్తి, మిరప పండించే ప్రశాంతమైన పల్లె ప్రాంతము.

యుద్ధభూమి చూడాలని వచ్చిన యాత్రికునికి ఇక్కడ కోటగోడలు, బురుజులు కనిపించవు. కనిపించేవి పొలములు, వాగు, ఒక గుడి. యుద్ధపు జ్ఞాపకము ఈ ఊరిలో కట్టడములలో కంటె పాటలోను, ఆయుధములలోను, భోజనపు పంక్తిలోను నిలిచినది. ఈ సంగతి ముందుగా తెలియనివారు నిరాశతో తిరిగిపోవచ్చును.

'''యుద్ధము'''

ఈ యుద్ధము 12వ శతాబ్దపు చివరి పాదములో జరిగినదని చరిత్రకారుల అంచనా. హైహయ వంశీకుడైన అనుగురాజు కుమారుల మధ్య వచ్చిన దాయాదిపోరు ఇది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి తమ్ముడు మలిదేవరాజు పాలించారు. మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడు, నలగాముని పక్షమున నాయకురాలు నాగమ్మ మంత్రులు. కోడిపందెములో ఓడిన మలిదేవుని వర్గము రాజ్యము విడిచి వలస పోయినది. గడువు తీరిన తరువాత తమ భాగము అడుగుటకు అలరాజును రాయబారిగా పంపారు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. తిరుగు ప్రయాణములో అతడు విషప్రయోగము వలన మరణించుటతో సంధి ఆశలు అడుగంటాయి.

పందెము, ప్రవాసము, రాయబారము, అన్నదమ్ముల యుద్ధము అనే ఈ వరుసను బట్టి దీనిని పల్నాటి భారతమని అంటారు. కాని పోలిక కొంతవరకే సరిపోతుంది. భారతములో గెలిచిన పక్షము రాజ్యమేలినది. ఇక్కడ బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రునితో సహా వీరులు దాదాపు అందరూ నేలకొరిగారు. మిగిలిన బ్రహ్మనాయుడు రాజ్యమును తిరిగి నలగామరాజుకే అప్పగించి గుత్తికొండ బిలములోనికి వెళ్ళిపోయాడని కథ. ఈ పోరు వలన స్థానిక రాజవంశములు బలహీనపడి, కాకతీయులు తీరాంధ్రము వైపు విస్తరించుటకు దారి సుగమమైనదని చరిత్రకారులు భావిస్తారు.

కథలో అన్ని వివరములకూ సమానమైన ఆధారము లేదు. యుద్ధము జరుగుట చరిత్ర. సంభాషణలు, శకునములు, వీరుల మహిమలు తరతరముల గాయకులు అల్లినవి. చదువరి ఈ రెంటినీ వేరుగా చూడటము మంచిది.

'''వీరుల గుడి, ఉత్సవము'''

యుద్ధములో మరణించినవారిని ఇక్కడ దేవతలుగా కొలుస్తారు. వీరుల సంఖ్య 66 అని సంప్రదాయము. వీరుల గుడితో పాటు చెన్నకేశవాలయము, అంకాలమ్మ గుడి ఊరిలో ముఖ్యమైనవి.

కార్తీక అమావాస్యతో మొదలై ఐదు దినములు వీరారాధన జరుగుతుంది. దినముల పేర్లు వరుసగా రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. రాయబారము నాడు అలరాజు కథ, మందపోరు నాడు పశువుల మందలపై జరిగిన దాడి, కోడిపోరు నాడు పందెపు ఘట్టము స్మరిస్తారు. కళ్ళిపాడు వీరులు ఒరిగిన దినము. కథలో కోడిపందెము ముందు వచ్చినా ఉత్సవములో అది నాలుగవ దినమునకు వచ్చుట గమనించదగినది. ఉత్సవము కథాక్రమమును అనుసరించదు, ఆచారక్రమమును అనుసరిస్తుంది.

వీరాచారమును పాటించే కుటుంబములవారు తమ ఇండ్లలో భద్రపరచుకొన్న కొణతములను, అనగా వీరుల ఆయుధములను, దూరప్రాంతముల నుండి మోసుకొని వస్తారు. నాగులేటిలోని గంగధారి మడుగులో వాటికి స్నానము చేయించి గుడికి తెస్తారు. డప్పుల మోతలో కొందరికి పూనకము వస్తుంది.

మందపోరు నాడు జరిగే చాపకూడు ఈ ఉత్సవములో ప్రత్యేకముగా చెప్పుకోదగినది. ఒకే చాపపై అన్ని కులములవారు కలిసి భుజించుటను బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టాడని ప్రతీతి. అతడు పెంపుడు కొడుకుగా స్వీకరించిన కన్నమదాసు మాల కులస్థుడు, సేనకు నాయకుడు. అంటరానితనము బలముగా ఉన్న కాలములో ఈ కథకు గల విలువ ఊహించుకొనవచ్చును. కన్నమదాసు చివరకు ఒక పాత్రగా మాత్రమే మిగలలేదు. కథను తరతరములుగా పాడుతూ వచ్చిన వీరవిద్యావంతులు కూడా అదే కులమునకు చెందినవారు.

'''సాహిత్యములో'''

పల్నాటి వీరచరిత్రను ద్విపదలో వ్రాసినవాడు శ్రీనాథుడని ప్రసిద్ధి. ఇది యుద్ధము జరిగిన రెండు వందల ఏండ్లకు పైబడి వ్రాసినది. దొరికిన భాగములో బాలచంద్రుని కథ ప్రధానము: బొంగరాల ఆట, భార్య మాంచాల వద్ద సెలవు, యుద్ధము. పండితకవిగా పేరు పొందిన శ్రీనాథుడు సామాన్యులు పాడుకొనే ద్విపదను ఎన్నుకొనుట విశేషము. కర్తృత్వమును శంకించిన విమర్శకులు కూడా ఉన్నారు. నాగులేటి నీటిని, ఇక్కడి నాపరాళ్ళను ఎగతాళి చేసే చాటుపద్యము కూడా ఆయన పేరుతోనే ప్రచారములో ఉండుట పల్నాటివారికి కొంత చమత్కారముగా తోచే విషయము.

వినుకొండ వల్లభరాయని పేరున ఉన్న క్రీడాభిరామములో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతున్న దృశ్యము కలదు. కథ అప్పటికే పల్నాడు దాటి పోయినదని దీని వలన తెలుస్తుంది. అక్కిరాజు ఉమాకాంతము 1911లో వీరచరిత్రను అచ్చు వేయించాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ నాగమ్మను ప్రధానపాత్రగా చేసి నాయకురాలు అనే నాటకము వ్రాశాడు. ఇదే కథ 1947లోను, 1966లోను పల్నాటి యుద్ధము అనే పేరుతో చలనచిత్రముగా వచ్చినది.

అచ్చు పుస్తకములో ఉన్నది కథలో ఒక భాగమే. వీరుల పుట్టుక మొదలు చివరి వరకు గల కథ గాయకుల నోట నిలిచినది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్, ఆలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను సేకరించి ఆంగ్లములోనికి అనువదించాడు. అది 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువడినది. ఒక గాయకుని పాఠము మాత్రమే గనుక అదే అసలు కథ అని అనుకొనరాదు. అయినను కావ్యము వదలిన ఘట్టములు తెలుసుకొనుటకు అది మంచి ఆధారము.

'''ప్రయాణము'''

నరసరావుపేట, మాచర్ల, గురజాలల నుండి బస్సులు కలవు. గుంటూరు - మాచర్ల రైలుమార్గములో గురజాల, పిడుగురాళ్ళ స్టేషన్లు దగ్గరివి. ఉత్సవపు రోజులలో రద్దీ ఎక్కువ, బస దొరకుట కష్టము. మాచర్లలోనో నరసరావుపేటలోనో ఉండి వచ్చుట మేలు. గుడిని, వాగును తీరికగా చూడదలచినవారు ఉత్సవము ముగిసిన తరువాత రావచ్చును. వేసవిలో ఎండ తీవ్రము, నాగులేటిలో నీరు తక్కువ. మాచర్లలోని చెన్నకేశవాలయమును, కొండ పక్కన గల గుత్తికొండ బిలమును ఇదే ప్రయాణములో కలుపుకొనవచ్చును. బిలములో చీకటి ఎక్కువ గనుక స్థానికుల తోడు లేకుండా లోపలికి పోరాదు.